పిడికెడు బియ్యము ఎవరి కొరకు?

తూర్పు కనుమలలో ఒక్క సంవత్సరము ఎడముగా గడచిన రెండు ఆగస్టు మాసములను కలిపి తలచుకొనువారు అరుదు. 2007 ఆగస్టు 20వ తేదీన, నాటి విశాఖపట్నము జిల్లా జి.మాడుగుల మండలములోని వాకపల్లి అను కోందుల పల్లెకు గాలింపునకై వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమను చెరచిరని పదకొండుగురు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. 2008 ఆగస్టు 25వ తేదీన, ఇదే కొండల వరుస ఈశాన్యముగా సాగి ఒడిశాలో ప్రవేశించిన పిమ్మట వచ్చు కంధమాల్ జిల్లాలో, మతకల్లోలములు చెలరేగిన వేళ, నువాగాఁవ్ అను ఊరివద్ద ఒక కథోలిక సన్యాసిని అల్లరిమూకలచేత చెరచబడి, నలుగురి కన్నులయెదుట వీధివెంట నడిపింపబడినది. ఆ సోదరి నోరు మూసికొని యుండలేదు. ఆ యేడే అక్టోబరు 24న ఢిల్లీలో ముఖమునకు ముసుగు వేసికొని, పత్రికలవారి యెదుట కూర్చుండి, తనకు జరిగినది తానే చెప్పినది. రాష్ట్రపు పోలీసులమీద తనకు నమ్మకము లేదనియు చెప్పినది. ఆమె ప్రక్కన సంఘము నిలిచినది. బిషప్పులు మాటలాడిరి, ఆరాధనలలో ఆమెకై ప్రార్థనలు జరిగినవి, ఆమె శీలమునుగూర్చి ప్రశ్న వేసిన క్రైస్తవుడు ఒక్కడును నాకు తెలియడు. 2014 మార్చిలో కటక్ న్యాయస్థానము ముగ్గురిని దోషులుగా నిర్ణయించి, ఆరుగురిని విడిచిపెట్టినది.

వాకపల్లి కథ వేరు. ఆ స్త్రీలను కొంతకాలము స్వజనమే దూరముగా ఉంచిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి; విచారణ త్వరగా ముగింపుమని 2017లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చినది; తుదకు 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నములోని ప్రత్యేక న్యాయస్థానము, దర్యాప్తు అధికారుల వైఫల్యమును ఎత్తిచూపుచు, నిందితులైన 13 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టి, ఆ స్త్రీలకు మాత్రము పరిహారము చెల్లింపవలెనని ఆదేశించినది. నేరము రుజువు కాలేదు, అయినను పరిహారము ఇయ్యుడనెడి ఆ తీర్పును చదివినవారికి, దర్యాప్తు మొదటి దినములలో జారవిడిచినదానిని పదునారేండ్ల తరువాత ఏ న్యాయమూర్తియు ఏరి తేలేడని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ రెండు సంగతులను నేనిచట ఎత్తుటకు కారణమొకటి కలదు. చెరచినవాడు పరుడైనప్పుడు, ఖాకీ తొడిగినవాడో కాషాయపు జెండా పట్టినవాడో అయినప్పుడు, క్రైస్తవ సంఘమునకు బాధితురాలి ప్రక్కన ఎట్లు నిలువవలెనో చక్కగా తెలియును, కంధమాల్‌లో తెలిసినది. అదే దుర్మార్గము, ఆదివారము వాక్యము చెప్పి, సాయంకాలము ఇల్లిల్లు తిరిగి ప్రార్థన చేసి, పిల్లలను బడికి చేర్చు చేతులవలన జరిగినదని ఒక బాలిక చెప్పినప్పుడు, ఆ నిలుచుట తెలిసిన సంఘమే కూర్చుండిపోవుచున్నది. తెలియక కాదు. తెలిసియు.

నా బాల్యమున, మైదాన ప్రాంతపు ఒక పల్లెలో, మేము ఆరాధనకు పోవుచుండిన చిన్న సంఘములో ఒక ఆదివారము జరిగినది నేటికిని నా కన్నులయెదుట నిలిచియున్నది. పదునారేండ్ల పిల్ల, కూలివాని కూతురు, ప్రభువు బల్ల ఆచరించు వేళకు ముందు అందరి యెదుట నిలువబడి క్షమాపణ చెప్పినది. ఏమి చేసినందుకో చెప్పలేదు, చెప్పనియ్యలేదు. ఆమెను మూడు నెలలు బల్లకు దూరము చేసిరి. పేరు ఎవ్వరును ఎత్తని ఆ పెద్దమనిషి మాత్రము మరి రెండు వారములకు వేరొక ఊరి సేవకు బదిలీయై, కన్నీటి ప్రార్థనతోను పూలదండతోను సాగనంపబడెను. ఆ దండ గ్రుచ్చిన పిల్లలలో నేనొకడను. సంఘపెద్దలు చెడ్డవారు కారు. వారిలో ఒకరు మా పొరుగువారు, ఆకలిగొన్నవానికి తన కంచములోని అన్నము పెట్టు మనిషి. అట్టివాడును ఆనాడు తల వంచుకొని కూర్చుండెను. దుర్మార్గుల మౌనముకంటె మంచివారి యీ మౌనమే నన్ను ఎక్కువగా బాధించుచు వచ్చినది.

అరకు కొండలలో ఈ మౌనమునకు బలము మరింత. అనంతగిరి మొదలు ముంచింగిపుట్టు వరకు రేకుల కప్పుతోనో తాటియాకుతోనో కట్టిన ప్రార్థనాలయములు కనబడును; వానిలో పెక్కు ఏ పెద్ద సంస్థకును చెందినవి కావు; ఒక పాస్టరు, ఆయన భార్యయైన అమ్మగారు, ఇద్దరు ముగ్గురు సంఘపెద్దలు, నలుబది యాబది కుటుంబములు. పూర్వము దిసారి ముహూర్తము చెప్పి, గురుమాయి పూనకమూని జబ్బునకు కారణము చెప్పిన చోట, నేడు అయ్యగారు తలమీద చేయి ఉంచి ప్రార్థించుచున్నారు. దీనిని నేను తక్కువచేసి చెప్పుట లేదు. రోడ్డు లేని పల్లెనుండి నిండు గర్భిణిని డోలీ కట్టి మోసినవారిలో పాస్టర్లు కలరు; జ్వరములు ముదిరిన దినములలో ఆసుపత్రికి వెంట నడచినవారు కలరు; అక్షరము రాని పిల్లలకు పలక పట్టించినవారు కలరు. కాని దేవునికిని తమకును నడుమ ఒక మనుష్యుడు నిలిచియున్నాడని నమ్మిన సమాజములో, ఆ మనుష్యుడు చేసిన ద్రోహము దేవుడు చేసిన ద్రోహమువలె తగులును. దానినిగూర్చి నోరు విప్పుట అనగా దేవునిమీద సాక్ష్యము చెప్పుటవలె ఆ పిల్లకు తోచును. దయ్యము పట్టినదని గది తలుపు మూసి చేయు ప్రార్థనలు, నూనె రాచుటలు, రాత్రి తెల్లవార్లును సాగు ఉపవాస కూడికలు, వార్డెను ఒక్కడే కావలియుండు హాస్టళ్లు, వీనియందు ద్రోహమునకు తావు ఎంత కలదో చెప్పుటకు ప్రత్యేక పరిశోధన అక్కరలేదు. ఆ గది తలుపు చూచిన చాలును.

ఇక తీర్పు చెప్పు పద్ధతి యున్నది. కొండజాతుల కులపెద్దలు చెట్టుక్రింద కూర్చుండి తప్పు వేయుట పాత ఆచారము. తగవు వచ్చినప్పుడు ఇరువైపులవారిని పిలిచి, జరిమానా నిర్ణయించి, అందరును కలిసి విందు చేసికొని, తగవు ముగిసినదనుకొందురు. భూమి గట్టు తగవులకు, మేక పంట మేసిన తగవులకు ఆ పద్ధతికి మించినది లేదని నేను వాదింపగలను. కోర్టుకంటె త్వరగా, చౌకగా, వైరము మిగులకుండ తెగును. చెరచబడిన పిల్ల విషయములో అదే పద్ధతి విషమగును, ఏలయన ఇచట ఇరువైపులు లేవు. క్రైస్తవులైన తరువాత కులపెద్దల స్థానమున సంఘపెద్దలు కూర్చుండిరే కాని పద్ధతి మారలేదు. తండ్రి చేతిలో కొంత సొమ్ము పెట్టుట, లేదా ఆ మనిషి అవివాహితుడైనచో పెండ్లి చేసివేయుట, సమాధానపడితిరని ప్రార్థన చేసి పంపుట.

కేరళలోని కన్నూరు జిల్లా కొట్టియూరులో జరిగినది గుర్తున్నదా? ఒక పారిష్ గురువు పదునారేండ్ల బాలికను చెరచి తల్లిని చేసిన నేరములో, తొలుత నిందను ఆ పిల్ల తండ్రియే తనమీద వేసికొన్నాడు. విచారణలో పిల్లయు ఆమె తల్లియు మాట మార్చిరి. అయినను 2019 ఫిబ్రవరిలో తలస్సేరి న్యాయస్థానము డీఎన్ఏ పరీక్షను ఆధారము చేసికొని అతనికి ఇరువది యేండ్ల శిక్ష విధించినది. ఆ తరువాత 2021లో, అతనిని పెండ్లాడెదను, బెయిలు ఇప్పింపుడని ఆ యువతియే సుప్రీంకోర్టును వేడుకొనగా, కోర్టు నిరాకరించినది. కన్న తండ్రి తనమీద ఆ నింద ఎందుకు వేసికొనును? చదువుకొన్నవారి రాష్ట్రము, పత్రికలున్న రాష్ట్రము, గొప్ప కథోలిక సంప్రదాయమున్న రాష్ట్రము. అచటనే అంతటి ఒత్తిడి యున్నచో, పెదబయలు కొండమీద ఒక కువి మాటలాడు కుటుంబము ఎంతకాలము నిలువగలదు?

మాటల సంగతి కొంచెము చూడవలెను, ఏలయన నేరమును మొదట దాచునది తలుపు కాదు, మాట. బాలికను చెరచిన పాస్టరునుగూర్చి మన సంఘములలో సాధారణముగా వినబడు క్రియ ఒకటియే: ఆయన "పడిపోయెను" అందురు. నడచుచున్నవాడు రాయి తగిలి పడినట్లు! పడినవానిని లేవదీయవలెను గదా. కావున అందరి చేతులును అతనివైపే చాచబడును. ఆ పిల్లకు జరిగినదానిని "పాపము" అందురు, "వ్యభిచారము" అందురు, తప్పు అందురు. ఈ మూడు మాటలలోను ఇద్దరు కలిసి చేసినదను భావము ఇమిడియున్నది. "నేరము" అను మాట మాత్రము నోట రాదు. పాపమైనచో దేవుడు క్షమించును. నేరమైనచో ఠాణాకు పోవలెను. ఒక్క మాట మార్చిన యెడల దారి మారును గనుకనే ఆ మాట మారదు. అట్లే "సాక్ష్యము" అను పదమును చూడుడు. ప్రతి ఆదివారము సంఘములో సాక్ష్యములు చెప్పుదురు. జ్వరము తగ్గినదని, పోయిన మేక దొరికినదని, అప్పు తీరినదని లేచి చెప్పిన ప్రతివానికి సంఘము స్తోత్రము పలుకును. ఒక బాలిక లేచి తనకు జరిగిన ద్రోహమును చెప్పినచో అదియు సాక్ష్యమే. ఆ ఒక్క సాక్ష్యమునకు మాత్రము స్తోత్రము లేదు, కూర్చుండుమను సైగ కలదు.

లేఖనములను కవచముగా వాడువారు కలరు. అభిషేకము పొందినవానిని ముట్టరాదు అందురు. విశ్వాసులు అవిశ్వాసుల న్యాయస్థానమునకు పోరాదు అందురు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద నేరారోపణ అంగీకరింపరాదు అందురు. అభిషేకమును గూర్చిన ఆ మాట రాజులయు పరదేశులయు హింసనుండి దేవుడు తన వారిని కాచుటనుగూర్చి చెప్పబడినది. బాలికనుండి పాస్టరును కాచుటకు కాదు. న్యాయస్థానమునకు పోరాదను మాటకు కారణమైన కొరింథీయుల సంఘములోని తగవులు ఆస్తిపాస్తుల వంటి నిత్యజీవన విషయములు. ఇక సాక్షుల సంగతి: గది తలుపు మూసి చేసిన నేరమునకు ఇద్దరు సాక్షులను తెమ్మనుట, నేరస్థునికి తాళపుచెవి చేతికిచ్చుటయే. ద్వితీయోపదేశకాండమే పొలములో ఒంటరిగా దొరికిన పిల్ల కేకవేసినను కాపాడువాడు లేకపోయెనని తలచి, ఆమెను నిర్దోషిగా ఎంచి, ఆ నేరమును హత్యతో సమానము చేసినది. అచట అడిగిన సాక్షులు లేరు.

సమూయేలు రెండవ గ్రంథము పదుమూడవ అధ్యాయమునుగూర్చి కొండసంఘములలో ప్రసంగము విన్నవారు ఎందరో నాకు తెలియదు; నేను మాత్రము ఒక్కసారియు వినలేదు. దావీదు కుమార్తె తామారును ఆమె అన్నయైన అమ్నోను రోగినని నటించి, రొట్టె చేయించుకొను నెపమున గదిలోనికి పిలిపించి చెరచును. ఆమె వలదని మొరపెట్టును. తరువాత తలమీద బూడిద పోసికొని, వస్త్రము చింపుకొని, బిగ్గరగా ఏడ్చుచు వీధిన నడచును. అనగా ఆమె దాచలేదు. సంఘము ముందరికి వచ్చినది. అప్పుడు మరియొక అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండుమనును. తండ్రియైన రాజు వినును, మిక్కిలి కోపించును, అంతే. కోపించుటకు మించి ఏమియు చేయడు. తామారు అబ్షాలోము ఇంట దిక్కులేనిదై ఉండిపోవును. రెండేండ్ల తరువాత గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు విందులో అమ్నోను చంపబడును, అంతట రాజ్యమే చీలును. ఈ కథలోని చెడుగు ఒక్క అమ్నోనులో లేదు. రోగివలె పండుకొనుమని ఉపాయము చెప్పిన మిత్రుడు కలడు. ఆమెను గదినుండి వెలుపలికి నెట్టి తలుపు గడియ వేసిన పనివాడు కలడు. ఊరకుండుమని బుజ్జగించిన అన్న కలడు. కోపించి కూర్చుండిన తండ్రి కలడు. మన సంఘములలో ఈ నలుగురును ఇప్పటికిని కలరు, వారికి వరుసగా పదవులును కలవు. బత్షెబ విషయములో నాతాను ప్రవక్త దావీదు యెదుట నిలిచి నీవే ఆ మనుష్యుడవనునంత ధైర్యము చూపినాడు. తామారు విషయములో ఆ మాత్రము ప్రవక్తయు రాలేదు.

ప్రపంచములోని పెద్ద సంఘములన్నియు ఈ పాఠమును ఆలస్యముగా, అవమానము పొందిన పిమ్మటనే నేర్చినవి. 2002లో బోస్టను నగర పత్రిక వెల్లడించినది మొదలు, నిందితులైన గురువులను ఒక ఊరినుండి మరియొక ఊరికి బదిలీ చేయుటయే కథోలిక సంఘపు పాత వైద్యమని లోకమునకు తెలిసినది. పోపు ఫ్రాన్సిస్ 2019 మేలో సంఘాధిపతులు ఇట్టి ఫిర్యాదులను దాచరాదని కొత్త శాసనము చేసి, అదే యేడు డిసెంబరులో ఈ నేరముల విచారణలకు ఉన్న పాపల్ రహస్యపు ముద్రను తొలగించెను. 2024 నవంబరులో ఆంగ్లికను సంఘపు ప్రధానుడైన కాంటర్బరీ ఆర్చిబిషప్పు, ఒక పాత దుర్మార్గుని సంగతి తెలిసియు సరిగా వెంటపడలేదను విమర్శకు గురియై, రాజీనామా ప్రకటింపవలసివచ్చినది. ఇట్టి పెద్ద సంస్థలలో అడుగుటకు ఒక బిషప్పైన కలడు. మన కొండలలో అధికమైనవి స్వతంత్ర సంఘములు, బాప్తిస్టు సంప్రదాయపు సంఘములు; ఒక శతాబ్దమునకు పైగా కెనడా బాప్తిస్టు మిషనరీలు ఈ ఉత్తర కోస్తాలో, సవర కొండలలో పనిచేసిన ఫలితముగా ప్రతి సంఘము తనకు తానే అధికారియను భావము బలముగా నాటుకొన్నది. ఈ స్వాతంత్ర్యమే అమెరికాలోని దక్షిణ బాప్తిస్టులను ఏమి చేసినదో చూడుడు: మాకు ఏ సంఘముమీదను అధికారము లేదని చెప్పుచునే, నిందితులైన పాస్టర్ల పట్టికను కార్యాలయములో రహస్యముగా పెంచుకొనుచుండిరని 2022 మేలో వెలువడిన విచారణ నివేదిక బయటపెట్టినది. పేర్లు తెలియును, హెచ్చరించు బాధ్యత లేదు! ఒక మండలములో వెలివేయబడిన పాస్టరు మరునెల ఘాటురోడ్డు దిగి వేరొక మండలములో గుడారము వేయగలుగుట ఇట్టి స్వాతంత్ర్యపు సౌకర్యమే.

కావున ప్రతి మండలమునందలి పాస్టర్ల ఫెలోషిప్పు కొన్ని పనులు చేయవలెను. వానిని ఇంతవరకు ఏల చేయలేదో వారే చెప్పవలెను. ఫిర్యాదు వచ్చినవానిని ఆ దినమే వేదికనుండి, హాస్టలునుండి, పిల్లల కూడికలనుండి దించవలెను. పని ఆపించుట వేరు, దోషియని తీర్పు చెప్పుట వేరు; రెండవది సంఘము పని కాదు. సంఘపెద్దలు విచారణ జరుపుటకు కూర్చుండరాదు. వారు కూర్చుండిన ప్రతి గంటలోను ఒక సాక్ష్యము చెడును, ఒక సాక్షి బెదరును, ఒక కుటుంబము అలసిపోవును. మరియొక ఊరికి సేవకుడు కావలెనని అడిగినప్పుడు వెనుకటి ఊరి సంగతిని దాచక చెప్పవలెను. ఫిర్యాదు వినుటకు పాస్టరు భార్యను నియమించుట సాధారణముగా కనబడు ఏర్పాటు. దానికి మించిన హాస్యము లేదు. నలుగురు స్త్రీలు, వారిలో ఒకరైన ఆ సంఘమునకు చెందనివారు, వీలైనచో క్రైస్తవురాలు కానివారు, ఆశా కార్యకర్తయో టీచరో న్యాయవాదియో, ఉండవలెను.

చట్టము సంగతి సంఘములకు తెలియదని నేననుకొనను. తెలియనట్లుండుట వారికి అనుకూలము. 2012 నవంబరు 14నుండి అమలులోనున్న పోక్సో చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని బిడ్డమీద నేరము జరిగినదని తెలిసినవాడును, జరుగవచ్చునని భయపడినవాడును పోలీసులకు తెలియజేయవలెను. ఇది 19వ సెక్షను. తెలియజేయనివానికి ఆరు నెలల వరకు, తన క్రింద పనిచేయువాని నేరమును దాచిన సంస్థాధిపతికి సంవత్సరము వరకు జైలు. ఇది 21వ సెక్షను. మత సంస్థ నిర్వాహకుడో ఉద్యోగియో ఆ సంస్థలోని బిడ్డను చెరచుటను చట్టము మామూలు నేరముకంటె ఘోరమైనదిగా ఎంచినది. బిడ్డ వాంగ్మూలమును ఆమె ఇంటనో ఆమె కోరిన చోటనో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తక్కువకాని స్త్రీ అధికారి, యూనిఫారము లేకుండ వ్రాసికొనవలెను. బిడ్డను రాత్రి ఠాణాలో ఉంచరాదు. ఆమె భాష రానిచో దుబాసిని పిలువవలెను. ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలసినదే, మా పరిధి కాదనరాదు. ప్రాయము వచ్చిన స్త్రీ విషయము వేరు. ఠాణాకు పోవుటా మానుటా ఆమె నిర్ణయము, సంఘము పొమ్మని నెట్టరాదు, వలదని పట్టరాదు.

బాధితురాలు గిరిజన క్రైస్తవురాలైనచో మరియొక భయము పుట్టింతురు: గోల చేసినచో నీ కులపు కాగితము పోవునని. ఇది అబద్ధము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డు తెగలకు మతపు షరతు లేదు. బగతయైన, కోందైన, పోర్జయైన, ఏ దేవుని మ్రొక్కినను ఆమె గిరిజనురాలే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టపు రక్షణయు, చట్టము చెప్పిన పరిమితులలో, ఆమెకు ఉన్నదే. దీనికి తోడు, ఇది బయటపడినచో మతమార్పిడి రగడ చేయువారికి ఆయుధమగునని సంఘపెద్దలు గుసగుసలాడుదురు. ఆ భయము ఉత్తది కాదని నేనంగీకరింతును; ఒక పిల్ల బాధను జెండా కఱ్ఱగా వాడుటకు కాచుకొనియున్నవారు కలరు, వారికి ఆ పిల్ల పేరైన అక్కరలేదు. ఆశ్రమములలో బాబాలు, బడులలో ఉపాధ్యాయులు ఇదే నేరమునకు జైలుకు పోయినప్పుడు వారి నోళ్లు మూతపడును. కాని వారి కుటిలత్వము మన మౌనమునకు సాకు కానేరదు. దాచిన నేరము పదేండ్లకు బయటపడినప్పుడు ఆ ఆయుధము మరింత పదునుతో చేతికి వచ్చునని పెద్దలు గ్రహింపరు.

మొదటి దినమున చేయవలసిన పని మిక్కిలి చిన్నది, మిక్కిలి కష్టమైనది. కొండలలో ఏడ్చుచు ఇల్లు చేరిన బిడ్డను తల్లి మొట్టమొదట చేయునది గెడ్డకు తీసికొనిపోయి స్నానము చేయించుట, బట్టలుతుకుట. ప్రేమతో చేయు ఆ పనితోనే సాక్ష్యము నీట కొట్టుకొనిపోవును. స్నానము చేయింపక, ఆ బట్టలను ఉతుకక కాగితములో చుట్టి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెనని ప్రతి స్త్రీల కూడికలోను చెప్పవలసియున్నది. ఆసుపత్రి ఉచితముగా వైద్యము చేయవలెను, రెండు వ్రేళ్ల పరీక్ష అను అవమానమును 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరల గట్టిగా నిషేధించినది. ప్రసవవేదనపడు స్త్రీకి డోలీ కట్టు భుజములే ఈ బిడ్డ వెంటను నడువవలెను. అటుపైన నెలలు, సంవత్సరములు. కాఫీ పండ్లు కోయు నవంబరు, డిసెంబరు మాసములలో వాయిదా పడినచో ఆ కుటుంబము కూలి పోగొట్టుకొని నూరు కిలోమీటర్లకు పైగా కొండ దిగి విశాఖపట్నము పోవలెను. కోర్టు వరండాలో తెలుగు రాని తల్లి గోడకానుకొని నిలువవలెను. న్యాయవాది రాలేదనిన మరల ఘాటు ఎక్కవలెను. చాలమంది మాట మార్చుట భయముచేత కాదు, ఈ అలసటచేత.

ఇచట సంఘము చేతిలో ఒక వనరు కలదు. మన సంఘములలో స్త్రీలు వంటకు బియ్యము ఎసట పోయునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి ప్రక్క కుండలో వేసి, ఆదివారము దేవాలయమునకు తెచ్చి పోయుదురు. పిడికెడు బియ్యమని దానికి పేరు. పాస్టరు ఇంటికి అది అన్నమైనది, ప్రార్థనాలయమునకు రేకులైనది, పండుగకు విందైనది. ఆ కుండలోనుండి ఒక తల్లికిని బిడ్డకును బస్సు చార్జీయు, విశాఖపట్నములో ఒక పూట భోజనమును, పోయిన కూలియు ఇచ్చుటకు ఏ సంఘమునకును అడ్డు లేదు. కువి గాని ఆదివాసీ ఒడియా గాని వచ్చిన ఒక స్త్రీని వారి వెంట పంపుటకు అడ్డు లేదు. ప్రభువు బల్లయొద్ద ఆ బిడ్డకు మొదటి వరుసలో చోటిచ్చుటకు అడ్డు లేదు. క్షమింపుమని మాత్రము ఆమెను ఎవ్వరును అడుగరాదు. క్షమాపణ ఆమె సొత్తు, ఇచ్చుటయు మానుటయు ఆమె ఇష్టము, ఇచ్చినను దానితో కేసు ఆగదు. ఆమె మరల ఆరాధనకు రానన్నను తప్పు పట్టరాదు.

పాస్టరుగారలారా, సంఘపెద్దలారా, వచ్చు ఆదివారము ప్రకటనలు చదువునప్పుడు, వివాహపు ప్రకటనలకును కానుకల లెక్కకును నడుమ సహాయమునకు పిలువదగిన మూడు ఫోను సంఖ్యలు చదివి వినిపింపుడు: పిల్లలకు 1098, స్త్రీలకు 181, ఎవరికైనను 112. తెలుగులో ఒకసారి, కువిలో ఒకసారి, ఆదివాసీ ఒడియాలో ఒకసారి. చదువునప్పుడు హాస్టలు పిల్లలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు.